తాతబ్బాయి నీటిమట్టం

పేరులోనే తాతా ఉన్నాడు, అబ్బాయీ ఉన్నాడు. మనిషి మాత్రం ఆ ఇద్దరికీ సరిగ్గా మధ్యలో, నలభై ఎనిమిదో ఏట ఉన్నాడు. గుబ్బల తాతబ్బాయి, సీనియర్ అసిస్టెంటు, నీటిపారుదల వృత్త కార్యాలయం, లాకులపేట. సర్కిల్ ఆఫీసు అన్న మాటని వృత్తం అని తెలుగు చేసిన మహానుభావుడు ఎవరో గాని తప్పకుండా అక్కడ పని చేసే ఉంటాడు. ఆ ఆఫీసులో బయల్దేరిన కాయితం ఏదైనా, ఎన్నాళ్ళకైనా, బయల్దేరిన బల్ల దగ్గరికే వస్తుంది.

తాతబ్బాయిది గేట్ల సీటు. ఏ కాలవ మీద ఏ లాకు దగ్గర ఎన్ని గేట్లు, ఎప్పుడు ఎత్తాలి, ఎన్ని అంగుళాలు ఎత్తాలి, ఆ ఫైళ్ళన్నీ పదకొండేళ్ళుగా అతని చేతి మీదుగానే నడుస్తున్నాయి. మూడు మండలాలకి నీళ్ళు వదిలే ఈ మనిషి తను మాత్రం రోజుకి ముప్పావు లీటరు మీద బతుకుతున్నాడు. నాలుగేళ్ళ కిందట అతని కిడ్నీలు రెండూ కూడబలుక్కుని, నోటీసు పీరియడ్ కూడా ఇవ్వకుండా రాజీనామా చేసేశాయి. అప్పట్నించి తాగిన నీరు తాగినట్టే ఒంట్లో ఉండిపోతుంది. మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి డయాలసిస్ సెంటర్లో మూడో నంబరు కుర్చీలో కూర్చుంటే, నాలుగు గంటల్లో మిషను ఆ నీటినీ, రక్తంలో పేరుకున్న చెత్తనీ లాగి పారేస్తుంది. మళ్ళీ రెండ్రోజులకి తాతబ్బాయి నిండుతాడు. మళ్ళీ వెళతాడు. అతని బతుకే ఒక వృత్త కార్యాలయం.

ఇంట్లో నీటి శాఖ భార్య సత్యవేణిది. పొద్దున్నే ముప్పావు లీటరు సీసా నింపి బల్ల మీద పెడుతుంది. టీ తాగితే అంత నీరు సీసాలోంచి తీసేస్తుంది. మజ్జిగ పోస్తే అంత తీసేస్తుంది. మాత్రలు మింగే గుక్కకి కూడా లెక్క ఉంది. కూరగాయలు ఒకసారి ఉడికించి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వండుతుంది.

"మా ఇంట్లో ఆయనకే కాదండీ, బంగాళాదుంపలకి కూడా డయాలసిస్సే" అని పక్కింటివాళ్ళతో చెబుతుంది.

అన్నాలయ్యాక ఫ్రిజ్‌లోంచి ఒక్క ఐసు ముక్క తీసి మొగుడి చేతిలో పెడుతుంది. తాతబ్బాయి దాన్ని నమలడు. బుగ్గన పెట్టుకుని పది నిమిషాలు చప్పరిస్తాడు. అతనికి అదే పాయసం, అదే పూతరేకు.

ఇలా సాగుతున్న కాపురంలోకి పర్యవేక్షక ఇంజినీరు విశ్వంభరరావు గారు నీళ్ళు వదిలారు.

వదిలారంటే, ఆయన మూడ్రోజులు ఎక్కడో శిక్షణ శిబిరానికి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు చేతిలో ఫైలు ఉంది. వచ్చేటప్పుడు రెండు లీటర్ల సీసా ఉంది. మనిషికి వచ్చే తొంభై శాతం రోగాలకి కారణం నీళ్ళు తాగకపోవడమేనని అక్కడ ఎవరో గడ్డం పెద్దమనిషి చెప్పాడట. మిగతా పది శాతం సంగతి చెప్పేలోపు భోజనాల గంట కొట్టారట.

మర్నాడే మెమో వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మూడు మండలములకు నీరందించు ఈ కార్యాలయపు సిబ్బందియే నీరు లేక ఎండియుండుట శాఖకు అప్రతిష్ఠ. కావున 'నిండుకుండ' పథకము తక్షణమే అమలులోకి వచ్చును. ప్రతి అరగంటకు గంట మ్రోగును. మ్రోగినప్పుడెల్ల ఒక గ్లాసు నీరు సేవించి రిజిస్టరులో సంతకము చేయవలెను. దినమునకు నాలుగు లీటర్లు పూర్తిచేయని వారికి ఎటువంటి పర్మిషను మంజూరు చేయబడదు."

ఆఖరి వాక్యం చదివేసరికి తాతబ్బాయి గొంతు ఎండిపోయింది. ఎప్పుడూ ఎండేదే గాని ఇది వేరే రకం. డయాలసిస్‌కి వెళ్ళాలంటే పర్మిషన్ కావాలి. పర్మిషన్ కావాలంటే నాలుగు లీటర్లు తాగాలి. నాలుగు లీటర్లు తాగితే ఇక డయాలసిస్ దాకా వెళ్ళనక్కర్లేదు. దారిలో ఇంకో చోట దింపేస్తారు.

డాక్టరు రాసిన చీటీ పట్టుకుని సూపరింటెండెంటు కనకరత్నం గారి దగ్గరికి వెళ్ళాడు. కనకరత్నం గారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"పాపం, నిజమేనయ్యా తాతబ్బాయ్. కాని ప్రొఫార్మాలో రెండే కాలమ్స్ ఉన్నాయి. ఒకటి 'తాగెను', రెండోది 'ఇంకను తాగెను'. నిన్నెక్కడ రాయమంటావు?"

"తాగలేదని రాసేయండి మేడమ్."

"తాగలేదు అన్న కాలమే లేదంటుంటే!"

ఆ చీటీ విశ్వంభరరావు గారి దాకా వెళ్ళింది. ఆయన సీసాలోంచి ఒక గుక్క వేసి, మూత బిగించి, చీటీ కేసి జాలిగా చూశారు.

"డాక్టరు మందుల గురించి రాయమనవయ్యా, వింటాను. నీళ్ళ గురించి రాయడానికి ఆయనెవరు? నీళ్ళు మన శాఖ."

ఇంక చేసేదేముంది! అటెండరు పోలయ్య గంట కొట్టి, బిందె పట్టుకుని బల్లబల్లకీ తిరిగేవాడు. "తాగేయండి బాబూ, మళ్ళీ అరగంటకి వత్తాను" అనేవాడు. తాతబ్బాయి గ్లాసు అందుకుని, పెదాలకి ఆనించి, పోలయ్య అటు తిరగ్గానే కిటికీ పక్క క్రోటన్ కుండీలో పోసి, 'ఇంకను తాగెను' అని సంతకం పెట్టేవాడు. గ్లాసు ఎత్తి పారబోయడం ఎంత కష్టమో అతనికి గాని తెలీదు. ముప్పావు లీటరు మనిషి రోజుకి నాలుగు లీటర్లు ఒక మొక్కకి సమర్పించుకోవడం! మొక్క మొదటి వారం పొంగిపోయింది. రెండో వారం కుళ్ళిపోయింది.

కుళ్ళు బయటపడింది. ఎంక్వయిరీ చేస్తే తక్కిన నలభై మందీ కూడా కిటికీల్లోంచే తాగుతున్నారని, కింద సైకిల్ స్టాండు మోకాలి లోతున ముంపులో ఉందని తేలింది.

విశ్వంభరరావు గారు అందర్నీ వరండాలో నిలబెట్టారు.

"సంతకాలు నాకక్కర్లేదు. ఇన్‌ఫ్లో ఉంటే నిల్వ ఉండాలి. నిల్వ ఉంటే గేజీ చూపించాలి. రేపట్నించి పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి గేజీ రీడింగు!"

గేజీ అంటే మరేం కాదు, స్టోర్సులో సిమెంటు బస్తాలు తూచే కాటా. సోమవారం పొద్దున్నే ఆఫీసంతా బస్తాల్లా ఎక్కి దిగారు. ఆ రోజు పోలయ్య దగ్గరుండి నీళ్ళు పట్టించాడు. తాతబ్బాయి ఒక్కడికే, "మీరు మూతి తడపండి చాలు, నేను సూడలేదు" అని మొహం తిప్పుకున్నాడు. ప్రొఫార్మాలో లేని కాలమ్ పోలయ్య గుండెలో ఉంది.

సాయంత్రం మళ్ళీ తూచారు.

"సిబ్బంది నలభై ఒక్క మంది. తలా నాలుగు లీటర్లు. మొత్తం ఇన్‌ఫ్లో నూట అరవై నాలుగు లీటర్లు. నిల్వ ఎంతమ్మా?" అన్నారు విశ్వంభరరావు గారు.

"ఆరు వందల గ్రాములండి" అన్నారు కనకరత్నం గారు.

"తలకా?"

"మొత్తం మీదండి. అదీ ఒక్కళ్ళ దగ్గరేనండి. తాతబ్బాయి దగ్గర."

"మిగతా నీరంతా?"

నలభై జతల కళ్ళు వరండా చివర ఉన్న గది వైపు ఒక్కసారి చూసి వచ్చాయి.

"సీపేజీ అండి, ఇంకిపోయింది" అన్నారు కనకరత్నం గారు మర్యాదగా.

"సీపేజీ కాదమ్మా, అనధికారిక విడుదల!" అని గర్జించారు ఆయన.

ఆ గదికి తాళం పడింది. తాళంచెవి సూపరింటెండెంటు దగ్గర, పక్కన ఇంకో రిజిస్టరు. విడుదల సమయం, విడుదలకు గల కారణం అని రెండు కాలమ్స్. కారణం కింద ఏం రాయాలో తోచక కొందరు 'అత్యవసరం' అనీ, కొందరు 'ప్రజాహితార్థం' అనీ రాశారు. డ్రాఫ్టింగులో ఆరితేరిన ఒకాయన 'ఎగువ నుండి ఒత్తిడి' అని రాశాడు.

మంగళవారం పదకొండింటికి తాతబ్బాయికి సన్మానం. గేజీ అరవై నాలుగు కిలోలు చూపిస్తోంది. రెండు కిలోల నీరు ఒంట్లో, ఒక శాలువా ఒంటి మీద.

"మిత్రులారా! మీరంతా వచ్చిన నీటిని వచ్చినట్టే వదిలేశారు. ఈయన్ని చూడండి. ప్రతి బొట్టూ ఒడిసిపట్టారు. ఈయన మనిషి కాదు, మినీ రిజర్వాయరు!" అన్నారు విశ్వంభరరావు గారు.

"ఇది గొప్ప కాదండి, జబ్బండి" అన్నాడు తాతబ్బాయి.

"చూశారా, వినయం!"

చప్పట్లు. తర్వాత రెండు కొబ్బరి బొండాలు తెచ్చి చేతుల్లో పెట్టారు. నీళ్ళ సంగతి అలా ఉంచండి. కిడ్నీలు లేనివాడికి బొండంలో ఉన్న పొటాషియం నేరుగా గుండెతోనే మాట్లాడుతుంది. తాతబ్బాయి ఒక్క క్షణం ఆలోచించి, వంగి దణ్ణం పెట్టాడు.

"మొదటి బొండం గోదారమ్మకండి. ఆవిడ తరఫున తమరే పుచ్చుకోవాలి. రెండోది గోదారమ్మ గారి ఇంజినీరుకండి."

విశ్వంభరరావు గారు కళ్ళు చెమర్చగా రెండూ తాగేశారు. నిల్వలో మొదటి స్థానం గనక తాతబ్బాయికి ఆ మధ్యాహ్నం పర్మిషన్ వెంటనే దొరికింది. డయాలసిస్ అయింది. అక్కడితో అయిపోతే బాగుణ్ణు.

బుధవారం పొద్దున గేజీ అరవై రెండు దగ్గర ఆగింది.

"నిన్న పదకొండుకి అరవై నాలుగు. ఇవాళ అరవై రెండు. రెండు లీటర్లు ఏమయ్యాయి?"

"డయాలసిస్‌లో తీసేశారండి."

"ఎవరి ఉత్తర్వుల మీద?"

"డాక్టరు గారి..."

"అంటే, ప్రభుత్వ కార్యాలయంలో పోగైన నీటిని, ఊళ్ళో ఏదో గదిలో, గేజీ రీడింగు లేకుండా, పర్యవేక్షక ఇంజినీరు సంతకం లేకుండా ధారపోసి వచ్చారన్నమాట! నేను మీకు శాలువా కప్పాను తాతబ్బాయి గారూ. మీరు నా నమ్మకానికి గండి కొట్టారు."

గురువారం పర్మిషన్ రద్దయింది.

రెండున్నరకి సెంటర్ నుంచి సిస్టర్ ఎస్తేరు ఫోన్ చేసింది. "ఏవండీ, కుర్చీ ఖాళీగా ఉంది. ఏమైపోయారు? శనివారం కూడా రాకపోతే రూలు ప్రకారం మూడో నంబరు వేరేవాళ్ళకి వెళ్ళిపోద్ది. నలుగురు లైన్లో ఉన్నారు, నేనేం చెయ్యలేను."

కుర్చీ కోసం కొట్లాట రాజకీయ నాయకులకే ఉంటుందనుకునేవాడు తాతబ్బాయి. కుర్చీ పోతే వాళ్ళకి పదవే పోతుంది. ఇతనికి పోయేది వేరు.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి మూడు మెట్లెక్కి మూడుచోట్ల ఆగాడు. మొహం పొంగింది. సత్యవేణి అతని కాలి మీద వేలు పెట్టి నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"రేపు ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోండి" అంది.

"ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో స్లిప్పు లేకుండా గడప దాటలేదే. సెలవులన్నీ జబ్బుపడ్డ మొదటి ఏడే అయిపోయాయి. చెప్పకుండా పోతే సస్పెండ్ చేస్తారు. ఉద్యోగం పోతే హెల్త్ కార్డు పోద్ది. కార్డు పోతే ఆ కుర్చీ ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే."

సత్యవేణికి ఒళ్ళు మండింది. "ఇదేం ఆఫీసండీ బాబూ! కాలవగట్టు ఇలా ఉబ్బితే మీవాళ్ళు పరుగులెట్టి గేట్లు ఎత్తరా? మడిసి ఉబ్బితే మాత్రం చూస్తా కూచుంటారా?"

తాతబ్బాయి పెళ్ళాం మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. పదకొండేళ్ళు గేట్ల సీట్లో కూర్చున్నవాడికి తట్టనిది, గేటు మొహం చూడని మనిషికి తట్టింది.

"ఏంటలా చూస్తారు? ఆయాసంగా ఉందా?"

"కాయితం ఇలా ఇవ్వు" అన్నాడు.

శనివారం పదింటికి కనకరత్నం గారి బల్ల మీద ఎర్ర ట్యాగు కట్టిన ఫైలు పడింది. ఎర్ర ట్యాగు ఫైలుని గంటకి మించి ఆపే హక్కు ఆ ఆఫీసులో దేవుడికి కూడా లేదు. ఆవిడ గబగబా చదివారు.

"విషయము: తాతబ్బాయి జలాశయము, మొదటి ప్రమాద హెచ్చరిక. పూర్తిస్థాయి నీటిమట్టము అరవై రెండు కిలోలు. ప్రస్తుత మట్టము అరవై ఐదు కిలోల ఆరు వందలు. ఇన్‌ఫ్లో కొనసాగుచున్నది. అవుట్‌ఫ్లో నిల్. పాదముల వద్ద గట్టు మెత్తబడినది. ఊపిరితిత్తుల లోతట్టు ప్రాంతములకు ముంపు పొంచియున్నది. గేట్లు ఎత్తుటకు తక్షణ ఉత్తర్వులు కోరడమైనది."

ఆవిడ కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచారు. "సార్! వరద!"

విశ్వంభరరావు గారు పరిగెత్తుకొచ్చారు. ఆయన కూడా వరదల్లో పెరిగిన మనిషే. చేతిలో సీసా బల్ల మీద పెట్టేసి, పక్కనే నిలబడ్డ తాతబ్బాయి వైపు తిరిగారు. గొంతు మారిపోయింది.

"గట్టు వయసెంత?"

"నలభై ఎనిమిదేళ్ళండి."

"ఆఖరి మరమ్మతు?"

"లేదండి. రెండు తూములు నాలుగేళ్ళ కిందటే మూసుకుపోయాయండి."

"దిగువన ఎవరున్నారు?"

"మా ఆవిడండి."

"అప్రమత్తం చేశారా?"

"ఆవిడే నన్ను అప్రమత్తం చేసిందండి."

"గంటకి ఎంత చొప్పున వదలగలరు?"

"ఏడు వందల మిల్లీలీటర్లండి. నాలుగు గంటలు."

"లెక్క ప్రకారం మూడు లీటర్ల ఆరు వందలు ఉంది కదయ్యా. మొత్తం ఒకేసారి వదిలేస్తే?"

"బీపీ పడిపోద్దండి. కళ్ళు తిరిగి పడిపోతానండి."

విశ్వంభరరావు గారు తాతబ్బాయి కేసి మొదటిసారి గేజీ చూడకుండా మనిషిని చూశారు.

"అవును. మట్టం హఠాత్తుగా దించితే గట్టు జారిపోతుంది. మా మేష్టారు చెప్పేవారు" అన్నారు మెల్లిగా.

పదకొండింటికి ఉత్తర్వు తయారైంది. గేట్లు పర్యవేక్షక ఇంజినీరు సమక్షంలో ఎత్తాలని రూలు గనక, ఒంటిగంటకి జీపు బయల్దేరింది. ముందు సీట్లో ఆయన, వెనక తాతబ్బాయి, ఒళ్ళో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పట్టుకుని పోలయ్య. లోతట్టు వీధుల వాళ్ళు జాగ్రత్త పడాలని దారి పొడుగునా సైరన్.

"కొబ్బరికాయా లేదు, జామకాయా లేదు. చెప్పులు బయట" అంది సిస్టర్ ఎస్తేరు గుమ్మంలోనే. "లోపల ఏడుగురు ఉన్నారు. నోరు మెదపకుండా కూచుంటానంటేనే రండి."

జిల్లాలో ఆయనతో అలా మాట్లాడినవాళ్ళు లేరు. ఆయన చెప్పులు విప్పారు.

ఎనిమిది కుర్చీలు. ఎనిమిది మిషన్లు. తాతబ్బాయి మూడో నంబర్లో వెనక్కి వాలి ఎడమ చెయ్యి చాపాడు. సిస్టర్ సూదులు గుచ్చింది. రక్తం ఒక గొట్టంలో వెళ్ళి ఇంకో గొట్టంలో తిరిగొస్తుంటే విశ్వంభరరావు గారు స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నారు. ఆయన జీవితంలో చూసిన అతి చిన్న కాలవ అది.

రెండు గంటలకి ఆయన జేబులో ఫోన్ మోగింది. నీళ్ళు తాగే గంట. అలవాటు కొద్దీ సంచీలోంచి రెండు లీటర్ల సీసా తీశారు. మూత తిప్పారు. ఎత్తబోయి ఎందుకో ఆగారు.

ఎనిమిది జతల కళ్ళు సీసా మీదున్నాయి. ఆయన మీద కాదు, సీసా మీద. నిండు సీసా, పైన చెమట పట్టి, ఒక చుక్క అంచు మీంచి మెల్లిగా జారుతోంది. ఆ చుక్కతోపాటు ఎనిమిది జతల కళ్ళూ కిందికి జారాయి.

"తాగు బాబూ, మొగమాటపడకు" అంది ఐదో కుర్చీలో ముసలావిడ. "మేం చూత్తాం. చూడ్డానికి లిమిట్టు లేదు మాకు."

ఆయన మూత బిగించేశారు. సీసాని స్టూలు కిందికి, కాళ్ళ వెనక్కి తోశారు. తాతబ్బాయి వైపు వంగి అడిగారు.

"రోజుకెంత తాతబ్బాయి గారూ?"

"ముప్పావు లీటరండి. టీతో కలిపి."

"వేసవిలో?"

"వేసవి సంగతి కిడ్నీకి తెలీదు కదండీ."

ఆ నాలుగు గంటలూ విశ్వంభరరావు గారు ఏమీ తాగలేదు. ఎవరూ వద్దనలేదు. నాలుగింటికి పెదాలు తడుపుకున్నారు. ఐదింటికి నాలిక అంగిట్లో అతుక్కుంది. ఐదున్నరకి గేట్లు దించారు. సిస్టర్ చిన్న పళ్ళెంలో ఐసు ముక్కలు తెచ్చి తలా ఒకటి ఇచ్చింది. మూడో నంబరు దగ్గరికి వచ్చేసరికి పక్కనుంచి ఇంకో చెయ్యి చాచి ఉంది. ఇంజినీరు గారిది.

సిస్టర్ ఆ చేతి కేసి చూసి, ఒక ముక్క వేసింది.

"నమలకండి" అన్నాడు తాతబ్బాయి. "నమిలితే క్షణంలో అయిపోద్ది. బుగ్గన పెట్టుకోండి. అదే కరుగుద్ది."

వృత్త కార్యాలయపు అధిపతి బుగ్గన ఐసు ముక్కతో, చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకున్నారు.

సోమవారం రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది: తాతబ్బాయి జలాశయమునకు ప్రతి మంగళ, గురు, శనివారములు గేట్లు ఎత్తుటకు శాశ్వత అనుమతి, ఇకపై స్లిప్పు అవసరము లేదు. తాతబ్బాయి దాన్ని ఇంటికి పట్టుకెళితే సత్యవేణి దేవుడి పటం వెనక దోపింది. నిండుకుండ పథకం ఆ రోజుతో నిండుకుంది. వరండా చివరి గది తాళం కూడా తీసేశారు. నలభై మంది ఒక్కసారిగా లైను కట్టడంతో అక్కడ కాసేపు తొక్కిసలాట జరిగింది.

రెండో ఉత్తర్వు అందరికీ. "నీటిని గుక్కలుగా మ్రింగుట వలన దాని విలువ తెలియకున్నదని క్షేత్ర పర్యటనలో గమనించడమైనది. కావున ఇకపై దినమునకు ఒకసారి గంట మ్రోగును. మ్రోగినప్పుడు సిబ్బంది ఒక్కొక్క ఐసు ముక్కను బుగ్గన పెట్టుకొని చప్పరించవలెను. నమలరాదు. నమిలిన వారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును."

గంట మోగింది. పోలయ్య పళ్ళెం పట్టుకుని వచ్చాడు. నలభై మంది పెద్దమనుషులు బుగ్గలు పొంగించుకుని, పళ్ళు బిగబట్టి, ఎవరైనా నమిలారేమోనని ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకుంటూ కూర్చున్నారు.

తాతబ్బాయి తన ముక్క తీసుకున్నాడు. సత్యవేణి సీసాలోంచి అంత నీరు మనసులోనే తీసేశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో ఒక సర్కారు ఉత్తర్వుని ఇంత ఇష్టంగా, ఇంత నెమ్మదిగా, ఆఖరి బొట్టు దాకా అమలు చెయ్యడం అతనికి అదే మొదలు.